నాలుగు డాలర్ల పానా

పోయిన శనివారం టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఒక గరాజ్ సేల్‌లో, అంటే ఇంటి దగ్గరే పాత సామాన్లు అమ్మేచోట, పాత క్రాఫ్ట్స్‌మన్ పానా దొరికింది. నాలుగు డాలర్లు. పిడి మీద 'ఫోర్జ్డ్ ఇన్ యూఎస్ఏ' అని అచ్చు. అమ్మిన పెద్దాయన చేతికిచ్చే ముందు దాన్ని ఒకసారి బట్టతో తుడిచాడు. మా నాన్న కూడా అంతే, కిరోసిన్ గుడ్డతో తుడవందే పానా పెట్టెలో పెట్టేవారు కాదు.

క్రాఫ్ట్స్‌మన్ అంటే అమెరికాలోని సియర్స్ దుకాణాల వాళ్లు 1927లో మొదలుపెట్టిన పనిముట్ల బ్రాండ్. పానా విరిగితే షాపుకి తీసుకెళ్తే చాలు, రసీదు కూడా అడక్కుండా కొత్తది ఇచ్చేవారట. తర్వాత తయారీ మెల్లగా చైనా, తైవాన్‌లకు పోయింది. 2017లో స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ అనే పనిముట్ల కంపెనీ ఈ బ్రాండ్‌ను కొన్నది. మళ్లీ అమెరికాలోనే చేస్తామని 2019లో ప్రకటించి, మా పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో 9 కోట్ల డాలర్ల ఫ్యాక్టరీ తలపెట్టారు. నేనైతే తెగ సంబరపడ్డాను, నా సొంత ఫ్యాక్టరీ అయినట్టు! కానీ అంతా ఆటోమేటిక్ అన్న యంత్రాలు అనుకున్నట్టు నడవలేదు. 2023లో మూసేస్తున్నామన్నారు.

నిన్న ఈ పానాతోనే గడ్డి కోసే లాన్ మోవర్ బ్లేడు బోల్టు విప్పాను. తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టు. పానా ఒక్కసారి కూడా జారలేదు. గుడ్డతో తుడిచి లోపల పెట్టాను.