గ్లేజ్ మింగేసిన ముడతలు: నా అనుభవం

మొదటిసారి బట్టీ మూత తీసినప్పుడు నేను మట్టితో చేసిన ముసలమ్మ కనిపించలేదు. ఆమె ఉండాల్సిన చోట నున్నగా, నిగనిగలాడుతూ ఎవరిదో ముఖం ఉంది. నాలుగు రోజులు కూర్చుని కంటి కొసల్లో, పెదవుల చుట్టూ ఒక్కొక్కటిగా గీసిన ముడతలన్నీ గోధుమరంగు గ్లేజ్ కింద పూడిపోయాయి. కనుగుంటల్లో గ్లేజ్ చిన్న మడుగుల్లా నిలిచింది. నాకు ఏడుపొచ్చింది.

తప్పు గ్లేజ్‌ది కాదు. గ్లేజ్ అంటే గాజే. సిలికా, అది తొందరగా కరగడానికి వేసే ఫ్లక్స్, కరిగింది జారిపోకుండా పట్టి ఉంచే అల్యూమినా, ఈ మూడూ కలిసి బట్టీ వేడికి పాకంలా అవుతాయి. పాకం మిట్టల మీద పలచబడి పల్లంలోకి చేరుతుంది. కప్పుకూ గిన్నెకూ అది అందమే. ముడతలే ప్రాణమైన ముఖానికి అది సరిపడదు. పైగా మెరిసే పూత వెలుగును అద్దంలా తిప్పికొట్టి నీడల్ని చెదరగొడుతుంది. శిల్పంలో మన కన్ను పట్టుకునేది నీడల్నే కదా!

అదే ముఖాన్ని మళ్ళీ చేశాను. పాతిక సెంటీమీటర్ల ఎత్తు తల, భుజాల మీద శాలువా. కాల్చిన మట్టిని దంచి కలిపిన బంకమట్టి వాడాను. ఆ పొడిని గ్రాగ్ అంటారు, అది ఉంటే మట్టి ఆరేటప్పుడు తక్కువ కుంచించుకుంటుంది, పగుళ్ళు తగ్గుతాయి. మట్టి కాస్త బిగిశాక కింది నుంచి లోపలి మట్టి తోడేసి, గోడ అంతటా సుమారు సెంటీమీటరున్నర మందం ఉండేలా చూసుకున్నాను. లోపల ఎక్కడా గాలి చిక్కుకోకుండా దారి వదిలాను.

ఈసారి అలంకరణ అంతా ఈ దశలోనే మొదలుపెట్టాను. నేను నేర్చుకున్న అన్నిటిలో నాకు బాగా పనికొచ్చింది ఇదే. ఈ దశను లెదర్ హార్డ్ అంటారు, అంటే వేలితో నొక్కితే సొట్ట పడదు, గోటితో గీస్తే మాత్రం గీత పడుతుంది. తోలులా ఉండే ఆ సమయం కొద్ది గంటలే ఉంటుంది. నేను ప్లాస్టిక్ కవరు కప్పుతూ, తీస్తూ రెండు రోజులు సాగదీశాను. చెంపలు, నుదురు, ముక్కు మీద నున్నటి గులకరాయితో చిన్న చిన్న వలయాలుగా రుద్దాను. రుద్దేకొద్దీ మట్టిలోని సన్నటి రేణువులు పడుకుని మెరుపు వస్తుంది. జుట్టునూ శాలువానూ ముట్టుకోలేదు, పనిముట్టు గీతలు అలాగే ఉంచాను. అన్నీ నునుపు చేయాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోవాలి. గరుకు పక్కన ఉంటేనే నునుపు తెలుస్తుంది. స్పాంజితో పదే పదే తుడవడం కూడా మానేశాను. తడి స్పాంజి సన్న మట్టిని కడిగేసి గ్రాగ్ గింజల్ని పైకి తేల్చేస్తుంది, చర్మం కాస్తా ఇసుక కాగితంలా తయారవుతుంది.

శాలువా అంచుకు తెల్లమట్టి స్లిప్, అంటే నీళ్ళలో చిక్కగా కలిపిన మట్టి, పూశాను. అదీ ఆ పచ్చిదనం ఉన్నప్పుడే పూయాలి. పూర్తిగా ఎండిన మట్టి మీద పూస్తే లోపలిది అప్పటికే కుంచించుకుపోయి ఉంటుంది, పైపూత అప్పుడు కుంచించుకుంటుంది, చివరికి పెచ్చులుగా రాలుతుంది. చిన్న ముక్క మీద పూసి ఇది కళ్ళారా చూశాను.

తర్వాత మూడు వారాలు ఆరబెట్టాను. ఎండిందో లేదో తెలుసుకోవడానికి శిల్పాన్ని నా చెంపకు ఆనించి చూసేదాన్ని. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరున్నట్టే. మిగిలిన చిన్న చిన్న బొడిపెలు తడి గుడ్డతోనే సరిచేశాను. ఎండిన మట్టిని పొడిగా గీకితే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ఈ విషయంలో ఎవరూ బద్ధకించవద్దని నా ప్రార్థన. పొడిగా రుద్దక తప్పకపోతే సరైన మాస్కు ఉండాల్సిందే, నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి.

బట్టీలో మొదటి వంద డిగ్రీల వరకు వేడిని చాలా నెమ్మదిగా పెంచాం. నీరు ఒక్కసారిగా ఆవిరైతే బొమ్మ పేలిపోతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా కాస్త వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే చోట కుంచించుకుంటుంది, అందుకే అక్కడా తొందరపడలేదు. సుమారు వెయ్యి డిగ్రీల వరకు వెళ్ళి ఆపాం. ఆ రాత్రి నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. పూర్తిగా చల్లారాక తీస్తే చెంపల మెరుపు చాలావరకు పోయింది. అంత వేడికి అది నిలవదు. నునుపు మాత్రం మిగిలింది. చెవి వెనక సన్నటి పగులు కూడా వచ్చింది.

ఇప్పుడు రంగు. ముందు అదే మట్టితో చేసి కాల్చిన ఆరు చిన్న బిళ్ళల మీద పరీక్షించాను. ఎర్ర ఐరన్ ఆక్సైడ్‌ను నీళ్ళలో కలిపి, అది మట్టికి అంటుకోవడానికి కాస్త ఫ్రిట్ (కరిగించి పొడి చేసిన గాజు) చేర్చి, ఒక్కో బిళ్ళకు ఒక్కో చిక్కదనంలో పూశాను. మాంగనీస్ కూడా మంచి ముదురు రంగు ఇస్తుంది కానీ దాని పొడి, పొగ విషం, దాని జోలికి పోలేదు. రెండో బిళ్ళ నచ్చింది. ఆ చిక్కదనంలో ముఖమంతా నిండుగా పూసి, వెంటనే తడి స్పాంజితో తుడిచేశాను. మిట్టల మీది రంగు పోయింది, గీతల్లోది ఆగిపోయింది. కంటి కొసన ఒక ముడత, దాని పక్కన ఇంకొకటి, ఒక్కొక్కటే బయటపడుతుంటే ఊపిరి బిగబట్టి చూశాను. గ్లేజ్ పూడ్చిన చోటే ఆక్సైడ్ తవ్వి చూపించింది. నునుపు చెంపలు రంగును దాదాపు పట్టుకోలేదు, గరుకు జుట్టు మాత్రం తాగేసింది. మళ్ళీ బట్టీలో పెట్టి కాల్చాం.

చెవి వెనక పగులును రెండో కాల్పు అయ్యాకే పూడ్చాను. కాల్చిన అదే మట్టి పొడిని ఎపాక్సీ జిగురులో కలిపి నింపి, మీద మెరుపు లేని (మ్యాట్) ఆక్రిలిక్ రంగు చిన్న కుంచెతో అద్దాను. కాల్చాక రంగు వేయడం మోసమని కొందరంటారు, నేను ఒప్పుకోను. ప్రాచీన గ్రీకుల తనాగ్రా బొమ్మలకు (తనాగ్రా అనే ఊరి పేరుతో పిలిచే చిన్న మట్టి బొమ్మలు) కాల్చాకే రంగులు వేసేవారు. 1974లో చైనాలో బయటపడిన మట్టి సైనికులకూ కాల్చాకే లాకర్ అనే చెట్టు జిగురు పూసి, దాని మీద రంగులు వేశారు. తవ్వి తీయగానే పొడిగాలికి ఆ లాకర్ ముడుచుకుని రంగులు ఊడిపోయాయి. బట్టీ లేనివాళ్ళు గాలికి ఆరే మట్టితో చేసి ఆక్రిలిక్ వాడినా ఏమీ తక్కువ కాదు. లోపలి తడి పూర్తిగా పోవాలి, పూతలు పలచగా, ఒకదాని మీద ఒకటి ఆరుతూ పడాలి, అంతే.

ఆఖరున తేనెమైనం. హెయిర్ డ్రయ్యర్‌తో శిల్పాన్ని కాస్త వెచ్చబెట్టి, మెత్తని గుడ్డతో అతి పలచగా పట్టించి, ఆరాక పొడిగుడ్డతో రుద్దాను. మైనం పడగానే రంగు ఒక ఛాయ ముదిరింది. అందుకే దాన్ని కూడా ముందు బిళ్ళ మీదే చూసుకున్నాను. జుట్టుకు రాయలేదు.

ఇప్పుడు ఆమె కిటికీ పక్కన ఉంది. పొద్దున వెలుగు పక్కనుంచి పడుతుంది, మూతి చుట్టూ ముడతలు లెక్కపెట్టొచ్చు. గ్లేజ్ వేసిన మొదటి తలను కూడా పారేయలేదు, పక్కనే పెట్టాను. ఎవరైనా వస్తే ముందు ఆ మెరుపు దాన్ని చూస్తారు, తర్వాత వంగి రెండోదాని ముఖంలోకి చూస్తారు.