పోప్ పేపరు రెండోసారి రాశాను

మొదటిసారి పద్దెనిమిదో శతాబ్దపు కవిత్వం పేపరులో నాకు వచ్చినవి 31 మార్కులు. పాస్ కావాలంటే 40 రావాలి. రోజూ పిల్లలకు ఇంగ్లిష్ పాఠం చెప్పే ఎస్‌జీటీని, ఇంగ్లిష్‌లోనే తప్పాను. స్టాఫ్ రూంలో ఎవరికీ చెప్పలేదు.

దూరవిద్యలో ఎం.ఏ. కాబట్టి మెటీరియల్ పరీక్షల ముందు ఎప్పుడో చేతికొచ్చింది. చేసేదిలేక గైడు కొని బట్టీ పట్టాను. అలెగ్జాండర్ పోప్, 1688లో లండన్‌లో పుట్టాడు, 1744లో పోయాడు, హీరోయిక్ కప్లెట్‌లో (రెండేసి పంక్తులకు అంత్యప్రాస కలిసే పద్యం) దిట్ట, గొప్ప వ్యంగ్య కవి. నేను పోప్, పోప్ అని వల్లె వేస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి "పోపు సంగతి నేను చూసుకుంటాలెండి, మీరు చదువుకోండి" అంది. గైడులో వ్యంగ్యం అనే మాట పేజీకి పదిసార్లు ఉంది. ఎక్కడ నవ్వాలో మాత్రం ఎక్కడా లేదు.

రెండోసారి గైడు అటక మీద పడేసి కావ్యమే తెరిచాను. 'ది రేప్ ఆఫ్ ద లాక్' మొత్తం 794 పంక్తులు. రోజుకు ముప్పై చొప్పున లెక్కేసుకున్నాను. పేరు చూసి కంగారు పడక్కర్లేదు, ఇక్కడ రేప్ అంటే ఎత్తుకుపోవడం. ఎత్తుకుపోయింది ఒక కురుల పాయని. లార్డ్ పీటర్ అనే కుర్ర జమీందారు అరబెల్లా ఫెర్మర్ అనే అమ్మాయి జుట్టులోంచి ఒక పాయ కత్తిరించాడు. రెండూ కాథలిక్ కుటుంబాలే, మాటలు మానేశాయి. నవ్వించి కలపమని జాన్ కారిల్ అనే మిత్రుడు పోప్‌ని అడిగాడు. 1712లో రెండు సర్గలు రాశాడు. 1714లో దేవతా గణాల్ని కూడా దించి ఐదు సర్గలు చేశాడు. గుప్పెడు వెంట్రుకలకి ఇతిహాసం హంగులన్నీ!

కథ అర్థమైంది కానీ నవ్వు రాలేదు. తొమ్మిది రోజులు పంక్తుల కింద గీతలు గీస్తూ కూర్చున్నాను. పదో రోజు మూడో సర్గ మొదలు, హాంప్టన్ కోర్టు భవనం వర్ణన. మూడు రాజ్యాలు తలవంచే అన్నా రాణి అక్కడ ఒక్కోసారి సలహా, ఒక్కోసారి టీ... ఒకే క్రియకి రెండు కర్మలు, దీన్ని జూగ్మా అంటారని గైడు చెప్పింది. అయితే ఏంటి?

అప్పుడే పక్కింటి రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చారు. "రండి మాస్టారూ, టీ పుచ్చుకుంటారా?" అన్నాను. అన్నాక ఆ మాట దగ్గరే ఆగిపోయాను. సలహా పుచ్చుకోవడం, టీ పుచ్చుకోవడం. మన దగ్గర మాట సిద్ధంగా ఉంది! మహారాణి గారు ఒకప్పుడు సలహా పుచ్చుకుంటారు, ఒకప్పుడు టీ. పక్కున నవ్వాను. మాస్టారు ఏమనుకున్నారో, మాట్లాడకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అప్పట్లో టీని "టే" అనేవాళ్లని, అందుకే దానికి పై పంక్తి చివర తలవంచడానికి వాడిన "ఒబే"తో ప్రాస కుదిరిందని తర్వాత తెలిసింది.

వెంటనే ముందురోజు పేజీకి వెళ్లాను. ఆ అమ్మాయికి ఏదో ఆపద రాబోతోందని దేవతలు భయపడే చోటు. డాన్సులో మనసు పారేసుకుంటుందో, మెడలో హారం పారేసుకుంటుందో! ఇదీ తెలుగే కదా. మనసైనా హారమైనా వాళ్లకి ఒకే బరువు, అక్కడే ఉంది చురక. మర్నాటి ముప్పై పంక్తుల్లో నవ్వు కాస్త చేదెక్కింది. జ్యూరీ వాళ్లకి భోజనం వేళవుతోందని పాపం ముద్దాయిలు ఉరికంబం ఎక్కుతారట. పేకాట, కాఫీల మధ్య ఆ రెండు పంక్తులు అలా పెట్టి, ఏమీ ఎరగనట్టు ముందుకెళ్లిపోతాడు.

ఉత్సాహం ఆగక ఒక కప్లెట్‌ని ద్విపదలో పెట్టబోయాను. రెండు రాత్రులు పోయాయి. యతి కుదిరితే జోకు పోతోంది, జోకు నిలిస్తే ప్రాస పోతోంది. వదిలేశాను.

మూర్ఖుల మీద పోప్ రాసిన వ్యంగ్య కావ్యం 'ది డన్సియాడ్' మాత్రం నన్ను ఏడిపించింది. 1728లో మొదటిసారి వేశాడు, మరుసటి ఏడాది ఎగతాళి పండితుల పేరుతో పేజీలు మింగేసే నోట్సు తగిలించాడు. 1743లో ఏకంగా హీరోనే మార్చేశాడు. మొదటి మూర్ఖచక్రవర్తి లూయిస్ థియోబాల్డ్. అతను చేసిన నేరమల్లా, పోప్ పరిష్కరించిన షేక్‌స్పియర్ నాటకాల్లో తప్పులు పట్టడం. పట్టినవి చాలావరకు నిజం తప్పులే! తర్వాత ఆ కిరీటం ఆస్థానకవి కాలీ సిబ్బర్ నెత్తిన పెట్టాడు. తిండికి లేక రాసుకునే చిన్న రచయితల పేదరికాన్ని కూడా వెక్కిరించడం నాకు నచ్చలేదు. ఆన్సర్ షీటులోనూ అదే రాశాను.

అయితే అతని జీవితం చదివాక పూర్తిగా తిట్టబుద్ధి కాలేదు. చిన్నప్పుడే వెన్నెముకకు క్షయ. ఎత్తు నాలుగున్నర అడుగులు. గట్టి కాన్వాసు కవచం బిగించి కడితే గానీ నిటారుగా కూర్చోలేడు, సన్నటి కాళ్లు కనపడకుండా మూడు జతల మేజోళ్లు. కాథలిక్ కాబట్టి యూనివర్సిటీ గడప తొక్కే వీల్లేదు. కొలువు ఆశించే పని లేదు. హోమర్ 'ఇలియడ్'ని ఇంగ్లిష్‌లోకి తెచ్చి, ముందే చందాలు కట్టించుకుని, ఆ డబ్బుతో ఎవరి ప్రాపకం లేకుండా ట్వికెన్‌హామ్‌లో థేమ్స్ ఒడ్డున బతికాడు. ఆ అనువాదం చిత్తుప్రతి రాసుకున్నది తనకొచ్చిన ఉత్తరాల వెనక వైపున. నేనూ పిల్లల పాత పరీక్ష పేపర్ల వెనకే నోట్సు రాసుకుంటాను కాబట్టి ఇది బాగా గుర్తుండిపోయింది.

పరీక్షలో పోప్ వ్యంగ్యం గురించే వచ్చింది. రాణి గారి టీ గురించి రాస్తూ, వేగంలో "పుచ్చుకోవడం" అని తెలుగులోనే రాసేశాను. ఇంగ్లిష్ పేపరులో తెలుగు అక్షరాలు చూసి మాల్‌ప్రాక్టీస్ అంటారేమోనని చెమటలు పట్టి, నాలుగు గీతలు పెట్టి కొట్టేశాను.

58 వచ్చాయి. ఈసారి స్టాఫ్ రూంలో టీలు నేనే తెప్పించాను.