పెళ్లయితే గానీ కుదరని పిచ్చి

మా జావా సర్వర్ నడిచే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌ను 2.5 నుంచి 2.7కి మార్చి రన్ కొట్టాను. సర్వర్ లేవలేదు. కన్సోల్‌లో గీతలతో గీసిన పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది. అందులో బిల్లింగ్ సర్వీస్, దాని కింద స్టాక్ సర్వీస్, పక్కన పైకీ కిందకీ బాణాలు. అంటే ఇది తయారవ్వాలంటే అది కావాలి, అది తయారవ్వాలంటే ఇది కావాలి, చక్రం పడిందని. నిన్నటిదాకా ఇదే కోడ్ నిక్షేపంగా నడిచింది.

మాది మందుల హోల్‌సేల్ షాపుల సాఫ్ట్‌వేర్. కోఠీలో బిల్లు కొట్టే కుర్రాడు బ్యాచ్ నంబర్ ఎక్కించగానే బిల్లింగ్ వెళ్లి స్టాక్‌ని అడుగుతుంది, ఇన్ని స్ట్రిప్పులు ఉన్నాయా, ఉంటే తగ్గించు అని. అది న్యాయమే. తర్వాత ఎక్స్‌పైరీ రిటర్నుల పని వచ్చింది. గడువు దగ్గరపడిన బ్యాచ్ ఏయే మెడికల్ షాపులకు వెళ్లిందో జాబితా కావాలి. గడువు సంగతి స్టాక్‌కు తెలుసు, ఎవరికి అమ్మామో బిల్లులకు తెలుసు. ఇంటికి పోయే తొందరలో నేనే స్టాక్ సర్వీస్‌లో బిల్లింగ్ సర్వీస్‌ను ఆటోవైర్ చేశాను, అంటే దాన్ని తెచ్చి ఇమ్మని స్ప్రింగ్‌కు చెప్పాను. ఒక్క లైను.

అప్పుడు నడిచిందంటే అది స్ప్రింగ్ మంచితనం. ఫీల్డ్‌లో అడిగితే, సగం తయారైన ఆబ్జెక్ట్‌నే రెండోదాని చేతిలో పెట్టి, మిగతా పని తర్వాత కానిస్తుంది. కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడే అడిగితే ఆ వీలు లేదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. 2021 నవంబరులో వచ్చిన 2.6 నుంచి ఈ సర్దుబాటును మామూలుగా ఆపేసి ఉంచారు. కావాలంటే మనమే తెరుచుకోవాలి.

"అక్కా, ప్రాపర్టీస్‌లో అలౌ సర్క్యులర్ రిఫరెన్సెస్ ట్రూ పెడితే సరి" అన్నాడు మా టీమ్ తమ్ముడు. పెట్టాం, లేచింది. రెండు వారాలకు, బిల్లు మెయిల్ చేసే మెథడ్‌కు అసింక్ (పనిని పక్క థ్రెడ్‌లో నడపమనే గుర్తు) తగిలిస్తే మళ్లీ పడింది. స్టాక్ చేతికి ముందే ఇచ్చింది తొడుగు లేని బిల్లింగ్ ఆబ్జెక్ట్‌ని. తర్వాత దానికి అసింక్ ప్రాక్సీ తొడిగారు. ఇప్పుడు ఎవరు అసలు బిల్లింగ్ అని గొడవ. లేజీ (అవసరం పడ్డప్పుడే అసలుదాన్ని తెమ్మనే గుర్తు) పెట్టి దాన్నీ నోరు మూయించాం.

ఈలోగా బిల్లింగ్, స్టాక్ వేర్వేరు మాడ్యూళ్లు కావాలన్నారు. 2017లో జావా 9తో వచ్చిన మాడ్యూళ్లకు మొహమాటం లేదు. రెండూ ఒకదాన్నొకటి రిక్వైర్స్ (నాకిది కావాలి) అంటే కంపైలరే ఒప్పుకోదు. మా దగ్గర అక్కడిదాకా కూడా పోలేదు, బిల్డ్ చేసే టూల్ మావెన్ ముందే ఆపేసింది. ఇక్కడ లేజీ పనిచేయదు.

అమీర్‌పేటలో జావా నేర్చుకున్నదాన్ని, ఇంటర్‌ఫేస్ పెట్టడం తెలియకపోవడమేమిటి? స్టాక్ మాడ్యూల్‌లో 'బ్యాచ్ కొన్నవాళ్లు' అని ఒక ఇంటర్‌ఫేస్ రాశాను, ఏం కావాలో చెప్తుంది, ఎవరు చేస్తారో చెప్పదు. బిల్లింగ్ సర్వీస్ దాన్ని ఇంప్లిమెంట్ చేస్తుంది. ఇప్పుడు బిల్లింగ్‌కు స్టాక్ కావాలి, స్టాక్ మాడ్యూల్‌కు బిల్లింగ్ అక్కర్లేదు. కంపైల్ అయింది. ఆ ధైర్యంతో ప్రాపర్టీ, లేజీ రెండూ తీసేసి, చాయ్ తాగొచ్చి రన్ కొట్టాను. మళ్లీ అదే పెట్టె.

రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఉప్పల్ చేరేదాకా అదే ఆలోచన. మాడ్యూళ్ల చక్రం విరిగింది, ఆబ్జెక్టుల చక్రం విరగలేదు. ఇంటర్‌ఫేస్ వెనక నిలబడ్డది అదే బిల్లింగ్ సర్వీస్. దానికి స్టాక్ కావాలి, స్టాక్‌కు అది కావాలి. ముసుగు వేస్తే మనిషి మారతాడా! అసలు స్టాక్‌కు కావాల్సింది ఏమిటి? బిల్లు లైన్ల టేబుల్ మీద ఒక్క క్వెరీ. దానికి బిల్లింగ్ సర్వీస్ మొత్తం ఎందుకు?

మర్నాడు బిల్లింగ్ మాడ్యూల్‌లోనే ఒక చిన్న క్లాసు రాశాను. దాని కన్‌స్ట్రక్టర్‌కు టేబుళ్లను చదివే రిపాజిటరీ ఒక్కటే చాలు. ఇంటర్‌ఫేస్‌ను ఇదే ఇంప్లిమెంట్ చేస్తుంది. నలభై లైన్లు కూడా లేవు. సర్వర్ లేచింది. స్ప్రింగ్ లేని మా పాత కౌంటర్ టూల్‌లో ఇదే పని జావాలోనే ఉన్న సర్వీస్ లోడర్‌తో అయింది. స్టాక్ వైపు యూజెస్ (వాడుకుంటాను), బిల్లింగ్ వైపు ప్రొవైడ్స్ (ఇస్తాను). యూజెస్ అన్నంత మాత్రాన ఆ సర్వీస్ ఇచ్చే మాడ్యూల్‌ను రిక్వైర్స్ అననక్కర్లేదు.

రిటర్ను సరుకు దిగాక క్రెడిట్ నోట్ వేయడం ఇంకో ముడి. అక్కడ స్టాక్‌కు జవాబు అక్కర్లేదు, కబురు చెప్తే చాలు. అందుకని ఈవెంట్ పెట్టాం. స్టాక్ మార్పులు డేటాబేస్‌లో ఖాయమయ్యాక, అంటే కమిట్ అయ్యాక వినే లిజనర్‌లో క్రెడిట్ నోట్ సేవ్ చేస్తున్నాం. ఎర్రర్ లేదు, లాగ్‌లో అంతా బాగానే ఉంది, టేబుల్‌లో మాత్రం క్రెడిట్ నోట్ వరస (రో) లేదు. సగం రోజు పోయింది. పాత ట్రాన్సాక్షన్ అప్పటికే కమిట్ అయిపోయింది, మన సేవ్ దానికే అంటుకుని ఉంది, ఇక దాన్ని కమిట్ చేసే నాథుడు లేడు. రిక్వైర్స్ న్యూ పెట్టి కొత్త ట్రాన్సాక్షన్ తెరిచాక వరస పడింది. ఈవెంట్లంటే మోజుపడి జాబితా క్వెరీని కూడా అలా మారుద్దామన్నాడు తమ్ముడు. జవాబు కావాల్సిన చోట ఈవెంట్ పెడితే, ఆ జవాబు మోసుకొచ్చే ఇంకో ఈవెంట్ కావాలి. వద్దన్నాను.

ఇప్పుడు ప్యాకేజీల మధ్య చక్రం పడితే బిల్డ్ ఆగేలా, కోడ్ అమరికను తనిఖీ చేసే ఆర్క్‌యూనిట్ టెస్ట్ ఒకటి ఉంది. రిపోర్ట్స్ ప్యాకేజీని మాత్రం అందులోంచి తప్పించాం. అక్కడ ఇంకా రెండు లేజీలున్నాయి, అవీ నేను పెట్టినవే. ఈ నెల జీఎస్టీ రిలీజ్ అయ్యాక వాటి సంగతి చూడాలి.