బోరు దగ్గర ఎవరు నిలబడతారు?

మా హన్మకొండలో ఒక రోడ్డు విస్తరణ పనికి జియోటెక్నికల్ కన్సల్టెంటును, అంటే రోడ్డు కింది నేలను బోర్లు వేసి పరీక్షించే సంస్థను, ఎంపిక చేసే కమిటీలో గత నెల నేనూ ఒక సభ్యుడిగా కూర్చున్నాను. మట్టి పరీక్ష ఖర్చు మొత్తం పనిలో చాలా చిన్న భాగం కావడం వల్ల దానిపై చర్చ సాధారణంగా పది నిమిషాల్లో ముగిసి, తక్కువ ధర వేసినవారికి పని వెళ్లిపోతుంది. ఈసారి అలా కాకూడదని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కాలనీ రోడ్డు రెండో వానకాలం దాటేసరికి నూరు మీటర్ల మేర కుంగిపోయింది. తవ్వి చూస్తే పైన మీటరు మందాన మొరం, దాని కింద వేలితో నొక్కితే దిగబడే నల్లమట్టి కనిపించాయి. పక్కనే నిలబడి చూస్తున్న ఒక పెద్దాయన, 'ఇది చెరువు శిఖం సారూ, ఇక్కడ మేం నాట్లేసినం' అన్నాడు. మా చేతిలోని నివేదికలో మాత్రం దారి పొడవునా ఒకే రకం ఎర్రమట్టి, ఒకే సీబీఆర్ (మట్టి బరువు మోసే శక్తిని చూపే కొలత) విలువ ఉన్నాయి. మళ్లీ తీసి చదివితే, మట్టి పరీక్ష కోసం దూరదూరంగా వేసిన మూడు బోర్లలో ఒకే లోతున ఒకే సుత్తి దెబ్బల సంఖ్య రాసి ఉంది. ఆ నివేదికను ఆమోదిస్తూ సంతకం పెట్టినవారిలో నేనూ ఉన్నాను. ఆ బాధ నాలో ఇంకా తగ్గలేదు.

వరంగల్ నేలను ఒకటి రెండు బోర్లతో అంచనా వేయలేము. గుట్టల అంచున గ్రానైట్ బండ, దానిపై ఎర్రచల్క ఉంటే, కొద్ది దూరం పల్లానికి దిగేసరికి నల్లరేగడి తగులుతుంది. కాకతీయుల కాలం నుంచి ఉన్న గొలుసుకట్టు చెరువుల చుట్టూ నగరం పెరిగింది కనుక ఎన్నో వీధుల కింద పాత పూడిక, దానిపై లారీలతో తెచ్చి పోసిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఉన్నాయి. గ్రానైట్ నేలలో ఇంకొక ప్రమాదం కూడా ఉంది: మెత్తబడిన రాతి మట్టిలో పెద్ద పెద్ద గుండ్లు విడివిడిగా ఇరుక్కుని ఉంటాయి. గుండు తగలగానే బండ తగిలిందని రాసి బోరు ఆపేస్తే, కల్వర్టు పునాది ఆ గుండు మీద ఒక పక్క, మెత్తని మట్టి మీద ఇంకో పక్క నిలబడుతుంది. అందువల్ల రాయి తగిలిన తర్వాత కూడా కనీసం 3 మీటర్లు కోర్ (కడ్డీలా కోసి తీసిన రాతి నమూనా) తీసి పెట్టెలో చూపించాలని మేము షరతు పెట్టాము.

ఇంటర్వ్యూలో ప్రతి సంస్థనూ నేను మొదట అడిగిన ప్రశ్న, బోరు వేసేటప్పుడు అక్కడ ఎవరు నిలబడతారని. మట్టి ఎంత గట్టిగా ఉందో బోరులోనే చూసే స్టాండర్డ్ పెనెట్రేషన్ పరీక్షలో, నమూనా గొట్టాన్ని దించే 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన దెబ్బలను లెక్కించాలి. తాడు పట్టుకున్న కూలీ అలసిపోయి ఎత్తు తగ్గించినా, లెక్క తప్పినా, ఆ సంగతి ఆఫీసులో కూర్చుని నివేదిక తయారుచేసే డాక్టరేటు నిపుణుడికి ఎన్నటికీ తెలియదు. ఒక సంస్థ తన నిపుణుల అర్హతలను ఇరవై పేజీల్లో చూపించింది గాని, సైటులో ఉండే మనిషి పేరు చెప్పలేకపోయింది. అర్హతలను నేను తక్కువ చేయడం లేదు, కాని నా దృష్టిలో ఆ ఒక్క పేరే ఎక్కువ విలువైనది.

ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని అందరూ అడుగుతారు. ఆ గుర్తింపు ఏయే పరీక్షలకు వర్తిస్తుందో చెప్పే జాబితాను కూడా తెరిచి చూడాలి. మనకు ముఖ్యమైనవి నానబెట్టిన సీబీఆర్, ఫ్రీ స్వెల్ (నీటిలో మట్టి ఎంత ఉబ్బుతుందో చూసేది) పరీక్షలు. మే నెలలో నల్లరేగడి రాయిలా గట్టిగా ఉంటుంది కనుక, నమూనాను 96 గంటలు నీటిలో ఉంచిన తర్వాత వచ్చే విలువే వానకాలపు రోడ్డు గురించి చెబుతుంది. రోజుకు 450కి మించి వాణిజ్య వాహనాలు తిరిగే రోడ్డుకు సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరల కింది మట్టి) సీబీఆర్ కనీసం 5 శాతం ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ 37, 2018 ముద్రణ చెబుతోంది. ఫ్రీ స్వెల్ 50 శాతం దాటిన మట్టిని రోడ్డు కట్ట నింపడానికి వాడరాదని కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లలో ఉంది.

ధర విషయంలో నాణ్యతకు 70, ధరకు 30 మార్కుల పద్ధతిని ఎంచుకున్నాము. బోరు లోతును ముందే ఖాయం చేసి మొత్తానికి ఒకే ధర అడిగితే ఎంత తొందరగా ఆపితే అంత లాభమనే ఆలోచనకు మనమే తావిచ్చినట్లవుతుంది కనుక, మీటరుకు ఇంత అని చెల్లించేలా మార్చాము.

వచ్చిన సంస్థల్లో ఒకటి మాత్రం ధర వేయడానికి ముందే మా దగ్గరకు వచ్చి పాత గ్రామ నక్షా కావాలని అడిగింది. ఆ సంస్థ తరఫున వచ్చిన యువ ఇంజనీరు నక్షాను బల్లపై పరిచి, చెరువు మత్తడి నీళ్లు ఒకప్పుడు ఎటు పారేవో వేలితో గీస్తూ, ఆ గీత మా రోడ్డును దాటిన రెండు చోట్లా అదనంగా బోర్లు ఉండాలని చెప్పింది. ఆ సంస్థ ధర అన్నింటికంటే తక్కువ కాదు, అయినా మార్కుల్లో ముందు నిలిచింది. వచ్చే సోమవారం ఆ రెండు చోట్ల మొదటిదానిలో బోరు మొదలవుతుంది.