18 1/2 అంగుళాల బ్యారెల్, పదహారో వంతు తేడా

మొత్తానికి తేలింది! సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పొట్టి బ్యారెల్ 18 1/2 అంగుళాలు. నా మోస్‌బర్గ్ 500 షాట్‌గన్‌కి దాన్ని తొడగడం, బీడ్ సైట్ (గురి చూసుకునే చిన్న పూస) మార్చడం ఇట్టే అయిపోయాయి. కొలత మాత్రం వారాంతమంతా తినేసింది.

ఇక్కడ టెక్సస్‌లో ఇది వట్టి చాదస్తం కాదు. షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాలకు తగ్గితే 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా దగ్గర పెట్టుకుంటే పదేళ్ల దాకా జైలు. పాత బ్యారెల్ కదా, ఎవరైనా మూతి దగ్గర కోశారేమోనని టెన్షన్.

బ్యారెల్ వెనక కొసని మూసే బోల్ట్‌ని మూసి, దానికి తగిలేదాకా బ్యారెల్‌లోకి కర్ర దించి, మూతి దగ్గర గుర్తు పెట్టడం మామూలే. 5/8 అంగుళం డోవెల్ (గుండ్రటి కర్ర) వాడాను. పెన్సిల్‌తో గీసి స్టీల్ స్కేలుతో చూస్తే 18 9/16. మాస్కింగ్ టేప్ చుట్టి, కొలత టేపుతో చూస్తే 18 7/16. పెన్సిల్ గీతనే కొలత టేపుతో చూస్తే 18 1/2! ఏది నమ్మాలి?

ముందు కర్ర ఏటవాలుగా పడుతోందేమో అనుకున్నాను. లెక్క వేస్తే, సగం అంగుళం సన్నకర్ర వాడినా ఆ వంపు వల్ల వచ్చే తేడా అంగుళంలో వెయ్యో వంతు ఒకటో రెండో, అంతే. కర్రతో గట్టిగా నొక్కినా బోల్ట్ కదల్లేదు. కాబట్టి అదీ కాదు.

అసలు దొంగలు ఇద్దరు. పెన్సిల్ ములికి మూతి అంచుకి ఆనదు, దాని మందం వల్ల గీత పదహారో వంతు బయటికి జరుగుతుంది. ఇక కొలత టేపు కొక్కెం. అది కాస్త కదలాలి, నిజమే, కానీ రివెట్ రంధ్రాలు అరిగితే ఎక్కువ కదిలి రీడింగ్ తగ్గుతుంది. రెండూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన అంకె వచ్చింది! పైగా షాపులో కోసిన డోవెల్ కొస కూడా కాస్త ఏటవాలే.

అందుకని బ్లేడుని మూతికి ఆనించి పట్టుకుని కర్రని తిప్పాను. సన్నటి గీత చుట్టూ తిరిగి మొదలైన చోటే కలిసింది. తర్వాత కర్రని వంటింటి గ్రానైట్ గట్టు మీద నిలబెట్టి, పక్కనే 24 అంగుళాల స్టారెట్ కంపెనీ స్టీల్ స్కేలు పెట్టాను. కొక్కెం గొడవ లేదు, ఏటవాలు గొడవా లేదు. ఎన్నిసార్లు చూసినా 18 1/2. మంచి స్కేలుకి డబ్బు పెట్టాల్సిందే. 18 1/16కి కోసిన బ్యారెల్ మాత్రం చవగ్గా ఇచ్చినా నేను కొనను.

ఇంకో షాట్‌గన్ రెమింగ్టన్ 870 స్టీల్ రిసీవర్ (బోల్ట్ ఉండే నడిమి భాగం) బాగుంటుంది, కాదనను. కానీ ఎడమచేతి వాటం ఉన్న మా ఆవిడకి మోస్‌బర్గ్ పైన ఉండే సేఫ్టీయే సుఖం. ఆమె కోసం పొట్టి స్టాక్ (భుజానికి ఆనించే భాగం) వేద్దామని ఉంది. అప్పుడు తుపాకీ మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు కనుక అదీ కొలవాలి. ట్రాప్‌కి (ఎగిరే మట్టి పళ్లేలని కొట్టే ఆటకి) వాడే 28 అంగుళాల బ్యారెల్‌కి ఈ స్కేలు చాలదు, 36 అంగుళాలది చూడాలి. ఆ పని అవగానే 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తం గీసి, ఇంప్రూవ్డ్ మాడిఫైడ్ చోక్‌తో (మూతిని కాస్త ఇరుకు చేసే గొట్టం) ఎన్ని గుండ్లు లోపల పడతాయో లెక్కపెడతాను.