గీకేసిన క్యాట్‌బెల్స్

రాత్రి పదకొండున్నర. అందరూ పడుకున్నారు. వంటింటి గట్టు మీద చిటికెడు వెండి పొడి ఉంది. తుడుద్దామని గుడ్డ పట్టుకుని వచ్చి, తుడవకుండా కూర్చుని ఇది రాస్తున్నాను.

ఆ పోస్టరు గురించి ఇదివరకు చెప్పాను కదా. పెళ్ళిరోజుకి ఈయన నాకని కొని, తనే గోడకి అంటించుకున్న లేక్ డిస్ట్రిక్ట్ (ఇంగ్లండులో కొండలూ చెరువులూ ఉన్న ప్రాంతం) పోస్టరు. అందులో 214 కొండలు. ఒక్కోదాని మీద లాటరీ టికెట్టుకి ఉన్నట్టు వెండి పూత. ఎక్కొచ్చాక బిళ్ళతో గీకితే కింద ఆకుపచ్చ కొండ బొమ్మ బయటపడుతుంది. ఇవాళ సాయంత్రం ఇంటికి రాగానే, ఒక కాలి బూటు విప్పి రెండోది విప్పకుండానే, జేబులోంచి పౌండు బిళ్ళ తీసి క్యాట్‌బెల్స్ అనే కొండని గీకేశారు.

మేము క్యాట్‌బెల్స్ ఎక్కలేదు.

అంటే ఎక్కాం. పైదాకా ఎక్కలేదు. ఈ తేడా ఆయనకి తేడాలా అనిపించట్లేదు, నాకు నిద్ర పట్టట్లేదు.

పొద్దున అంతా బాగానే మొదలైంది. ప్రెస్టన్‌లో ఏడింటికి బయల్దేరాం. కెజిక్‌లో కారు పెట్టి (రాయడం కెస్విక్ అని రాస్తారు, పలకడం కెజిక్) డెర్వెంట్‌వాటర్ అనే చెరువు మీద లాంచీ ఎక్కి హాస్ ఎండ్ రేవులో దిగాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చిన్నది రెయిలింగ్ పట్టుకుని దీవులు లెక్కపెట్టింది. అక్టోబరు కదా, కొండల మీద ఫెర్న్ ఆకులన్నీ ఎండి ఇటుక రంగుకి తిరిగాయి. సంతోషం గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. బాగుంది, అంతే.

క్యాట్‌బెల్స్ ఎత్తు 451 మీటర్లు. ఇంగ్లండులోకెల్లా పెద్దదైన స్కాఫెల్ పైక్ 978, అందులో సగం కూడా లేదు. పిల్లల కొండ అంటారు. స్కూలు పిల్లలూ, కుక్కలూ, మోకాళ్ళ ఆపరేషన్ అయిన బామ్మలూ ఎక్కేస్తుంటారు. ఈయన ఎప్పటిలాగే లాంచీలోనే లెక్క కట్టారు: 5 కిలోమీటర్లకి గంట, పైకి ఎక్కే ప్రతి 300 మీటర్లకీ ఇంకో అరగంట. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు ఆయన చెప్పిన సూత్రమట. ఆ ప్రకారం గంటా పది నిమిషాల్లో పైన ఉండాలి. ఆ నైస్మిత్ గారి లెక్కలో పులిహోర తినే టైము లేదు, చిన్నదాని షూ లేసు నాలుగుసార్లు ఊడే టైము లేదు, నాకు ఆయాసం వచ్చినప్పుడు "అబ్బ, ఎంత బాగుందో వ్యూ" అంటూ నిలబడే టైము అసలే లేదు.

దారిలో ఒక బండకి ఫలకం బిగించి ఉంటుంది, టీ.ఏ. లెనార్డ్ అనే ఆయన పేరు మీద. మిల్లుల్లో పనిచేసే వాళ్ళకి కూడా కొండలూ సెలవులూ ఉండాలని వందేళ్ళ కిందట తిరిగిన మనిషి. ఆ ఫలకం దగ్గర మొదటిసారి చేతులు ఆనించి ఎక్కాల్సి వచ్చింది. అది దాటాక స్కెల్‌గిల్ బ్యాంక్ అనే మిట్ట వస్తుంది. కింద నుంచి చూస్తే అదే శిఖరం అనుకుంటాం. ఎక్కాక తెలుస్తుంది, అసలుది అవతల ఉందని, మధ్యలో కాస్త దిగి మళ్ళీ వంద మీటర్ల పైనే ఎక్కాలని. తిరుపతి క్యూలో ఒక హాలు దాటగానే దర్శనమే అనుకుంటే తలుపు తీసి ఇంకో హాల్లో కూర్చోబెడతారే, సరిగ్గా అలా.

ఆ మిట్ట మీద ఫోటో దిగాం. వెనకాల చెరువంతా పరుచుకుని, అవతల స్కిడా కొండ, మా చిన్నది రెండు వేళ్ళు చూపిస్తూ. ఈ ఫోటోయే కొంప ముంచింది.

తర్వాత ఆ చివరి రాతి మెట్టు దాకా వెళ్ళాం. లక్షల బూట్లు రాసుకుని రాసుకుని ఆ రాయి మా ఊళ్ళో రోలులా నున్నబడిపోయింది. పైగా తడి. గాలి మొదలైంది. పైనుంచి ఒకావిడ కూర్చుని జారుకుంటూ దిగుతూ "జాగ్రత్త, జారుడుగా ఉంది" అని నవ్వింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగాం. వచ్చిన దారినే హాస్ ఎండ్‌కి దిగి, లాంచీ ఎక్కి, కెజిక్‌లో చిప్స్ తిని, ఇంటికి.

కారు పెన్రిత్ చేరేలోపు ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫోటో పడిపోయింది. "క్యాట్‌బెల్స్ పైన మేము!!" అని రెండు ఆశ్చర్యార్థకాలతో. (కారు నేనే నడుపుతున్నాను, అందుకే ఆపలేకపోయాను.) చప్పట్ల బొమ్మలు మొదలయ్యాయి. పెద మావయ్య "శభాష్ టెన్సింగ్!" అన్నాడు. కాకినాడ నుంచి అత్తయ్య ఫోన్ చేసేశారు.

"పైన ఏ దేవుడమ్మా?"

"దేవుడు లేడత్తయ్యా. రాళ్ళుంటాయంతే."

"మరి ఎందుకెక్కారు?"

దీనికి ఆరేళ్ళుగా నా దగ్గర జవాబు లేదు. ఇవాళ మాత్రం మధ్యలో ఇంకో ప్రశ్న కూడా ఇరుక్కుంది. ఎక్కలేదత్తయ్యా అని చెప్పాలా వద్దా? చెప్పలేదు. "చల్లగా ఉందత్తయ్యా" అన్నాను.

ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకలా పెట్టారని. "కొండంతా క్యాట్‌బెల్సే కదా. మనం దాని మీదే ఉన్నాం. పైన అన్నాను గానీ కొసన అన్నానా?" అన్నారు. లెక్కల మనిషితో పెళ్ళైతే ఇదే ఖర్మ. పోస్టరు మీదున్న 214 కొండల లిస్టులో స్కెల్‌గిల్ బ్యాంక్ వేరే కొండ కాదట, క్యాట్‌బెల్స్‌లో భాగమేనట, కాబట్టి సాంకేతికంగా తప్పు లేదట. అన్నవరంలో మెట్ల మొదట్లో కొబ్బరికాయ కొట్టి, సత్యనారాయణస్వామి దర్శనమైపోయింది, కొండంతా ఆయనదే కదా అన్నట్టుంది. ఆ మాటే అన్నాను. "మొక్కుకి రూల్స్ ఉంటాయి, దీనికేం మొక్కు?" అని బిళ్ళ తీశారు.

సరే, గ్రూపులో అబద్ధం రేపటికి కిందికి జారిపోతుంది, ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వులు పెడతారు. కానీ పోస్టరు? గీకింది మళ్ళీ అతుక్కోదు. ఇంతవరకూ దాని మీద పదకొండు కొండలున్నాయి, పదకొండూ నిజం. ఆరేళ్ళకి పదకొండు. ఈ లెక్కన మిగిలినవి పూర్తవ్వాలంటే ఇంకో నూరేళ్ళ పైనే కావాలి. అయినా సరే, ఉన్న కాసినీ నిజంవి అని ఒక తృప్తి ఉండేది. దాంట్లో కూడా కల్తీ కలిపేశారు.

ఇక్కడిదాకా రాసి లేచి టీ పెట్టుకున్నాను.

ఒకటి రాయలేదు పైన. వెనక్కి ఎందుకు తిరిగామో. గ్రూపులో అడిగినవాళ్ళకి కాదు, మీకు చెప్తున్నాను. చిన్నది అప్పటికే ఆ రాయి ఎక్కేసింది. పైనుంచి తొంగి చూస్తూ "అమ్మా, ఈజీయే, ఆ పగుల్లో కాలు పెట్టు" అంటోంది. ఈయన దాని వెనకాలే ఉన్నారు. నేను ఒక చేత్తో రాయి పట్టుకుని, రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక, గాలికి జాకెట్ పటపటమంటుంటే, కిందకి చూశాను. చూడకూడదు. మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. "దిగుదామండీ, చిన్నదానికి కష్టం" అన్నాను. "నాకేం కష్టం?" అంది చిన్నది. ఆయన నా మొహం చూసి, ఇంకో మాట లేకుండా దాన్ని కిందకి దింపారు. కొస కనిపిస్తూనే ఉంది. అక్కడ ఎవరో శాండ్‌విచ్ కూడా తింటున్నారు.

దారంతా ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు ఆ సంగతి. ఇప్పుడు అనుమానం వస్తోంది, ఆ రెండు ఆశ్చర్యార్థకాలూ నా కోసమేనా అని. ఎక్కలేదు అని పెడితే మా వాళ్ళు ఊరుకుంటారా? ఎందుకు, ఏమైంది, ఎవరు భయపడ్డారు. పిన్ని అయితే వీడియో కాల్ చేసి కౌన్సెలింగ్ ఇస్తుంది. అలా అయితే కోపం ఎక్కువవ్వాలా తగ్గాలా తెలియట్లేదు. నాకు తెలియకుండా నా మీద జాలి పడితే నాకు పడదని ఆయనకి తెలుసు.

నాన్న వచ్చిన ఏడాది గుర్తొస్తోంది. నాన్న సంగతి ఇదివరకు రాశాను, అదంతా మళ్ళీ రాయను. అప్పుడూ అక్టోబరే. బటర్‌మియర్ చెరువుకి తీసుకెళ్ళాం. మంకీ క్యాప్, దాని మీద మఫ్లరు, ఆయన కాన్వాసు బూట్లు. కారు దిగి చుట్టూ ఉన్న కొండలన్నీ చూసి, "ఎక్కడం నా వల్ల కాదమ్మలూ, చుట్టూ తిరుగుదాం" అన్నారు. దగ్గర దగ్గర ఏడు కిలోమీటర్లు నాన్నా అంటే, అయితే ఏం అన్నారు. ఈయన మ్యాపు విప్పి అడవి వైపు నుంచి మొదలెడదామంటే నాన్న ఒప్పుకోలేదు. చెరువు కుడి చేతివైపు ఉండాలన్నారు. ప్రదక్షిణం కదా! ఎదురొచ్చిన వాళ్ళందరికీ "గుడ్ మార్నింగ్" చెప్తూ, మధ్యాహ్నం రెండింటికి కూడా గుడ్ మార్నింగే చెప్తూ నడిచారు.

ఆ ఒడ్డున ఒక చోట కొండని తొలిచి చిన్న సొరంగం ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఎస్టేటు ఉన్న మిల్లు యజమాని ఒకాయన చెరువు ఒడ్డునే నడవడానికి వీలుగా తన మనుషుల చేత తొలిపించుకున్నాడట. లోపల నీళ్ళు కారుతూ చీకటిగా ఉంటుంది. అప్పుడు చిన్నది నిజంగానే చిన్నది, తాత మఫ్లరు కొస పట్టుకుని వెళ్ళింది. మధ్యలోకి వెళ్ళాక నాన్న "గోవిందా!" అని ఒక్క కేక పెట్టారు. సొరంగం తిరిగి గోవిందా అంది. అవతలి వైపు నుంచి వస్తున్న ఇద్దరు ఇంగ్లీషు ముసలివాళ్ళు ఒక్క క్షణం ఆగి, "గో విండర్!" అని అరిచారు. నాన్న ఊరెళ్ళాక కూడా ఫోన్‌లో ఆ ముసలాళ్ళ గురించి అడిగేవారు, మళ్ళీ కనబడ్డారా అని.

గేట్స్‌గార్త్ దగ్గర రోడ్డు మీద హెర్డ్‌విక్ గొర్రెలు. తెల్లటి మొహం, బూడిద రంగు ఒళ్ళు. పిల్లలప్పుడు నల్లగా పుట్టి పెరిగేకొద్దీ తెల్లబడతాయి, మన జుట్టులాగే. కొండ మీద కంచె లేదు, తప్పిపోవా అని నాన్న ఒక రైతుని ఆపి అడిగారు. నేను తర్జుమా. ఏ మంద మేత ఎంతవరకో తల్లి గొర్రె దగ్గర పిల్ల నేర్చుకుంటుంది, తరతరాలుగా అక్కడే తిరుగుతాయి, హెఫ్టింగ్ అంటాం అన్నాడాయన. నాన్న తలూపి, అవి ఎంత ఎత్తు దాకా వెళ్తాయి, కొసకి వెళ్తాయా అని అడిగారు. గడ్డి ఉన్నంతవరకే అన్నాడు రైతు.

ఆ రోజు మేమేమీ ఎక్కలేదు. పోస్టరు మీద ఆ రోజుకి గీత లేదు, ఎందుకంటే ఆ పోస్టరు మీద చెరువులకి వెండి పూత లేదు.

ఇదంతా దేనికి ఎత్తానో మర్చిపోయాను. ఆఁ, లిస్టు. ఈ 214 లిస్టు వెయిన్‌రైట్ గారిది. కెండల్‌లో మునిసిపాలిటీ లెక్కలు చూసే ఉద్యోగి. కారు నడపడు. సెలవు రోజుల్లో బస్సులో వెళ్ళి కొండలెక్కి, రాత్రిళ్ళు కూర్చుని బొమ్మలూ అక్షరాలూ అన్నీ సొంత చేత్తో గీసి, 1955 నుంచి 1966 దాకా ఏడు పుస్తకాలు తెచ్చాడు. గ్రాస్‌మియర్ ఊరి పైన హెల్మ్ క్రాగ్ అని 405 మీటర్ల కొండ ఉంది. దాని కొస ఒక నిటారు బండ. ఆ బండ మీదికి ఎక్కడం ఆయన వల్ల కాలేదు. పుస్తకంలో ఆ పేజీలో ఒక మూల డబ్బా గీసి ఉంచాడు, ఎక్కగానే ఆ సంగతి ప్రకటించడానికి ఖాళీ ఉంచానని, అచ్చుకి వెళ్ళే సమయానికి ప్రకటించడానికేమీ లేదని. అంతే, అలాగే అచ్చేశారు.

లైబ్రరీ పుస్తకంలో ఆ డబ్బా చూపించి ఈయన్ని నిలదీద్దామనుకున్నాను. చూడండి, లిస్టు రాసినాయనే ఎక్కలేదని రాసుకున్నాడు, మీకేం వచ్చింది అని. కానీ పేజీ తిప్పుతుంటే గుర్తొచ్చింది, పోయిన మే నెలలో మేమూ హెల్మ్ క్రాగ్ వెళ్ళాం. ఆ బండ కింద కూర్చుని చపాతీలు తిన్నాం. బండ ఎక్కలేదు, ఎక్కుదామన్న ఆలోచన కూడా రాలేదు. ఇంటికొచ్చి గీకింది నేను. నా చేత్తో, ఇదే గట్టు దగ్గర నిలబడి, చాలా సంతోషంగా.

అయితే పదకొండు కూడా కాదన్నమాట, పది.

చిన్నదాని పెన్సిల్ డబ్బాలో సిల్వర్ నెయిల్ పాలిష్ ఉంది, వాళ్ళ ఫ్రెండ్ పుట్టినరోజుకి ఇచ్చింది. తెచ్చి క్యాట్‌బెల్స్ మీద పై సగానికి పూశాను. పూత కొంచెం మందంగా పడింది గానీ రంగు దాదాపు కలిసింది. కింద సగం ఆకుపచ్చగా వదిలేశాను, అంతవరకు నిజమే కాబట్టి. హెల్మ్ క్రాగ్‌కి కొసన ఒక్క చుక్క పెట్టాను.

ఇంకా ఆరలేదు. మేడ మీద నుంచి "ఏమిటే ఆ వాసన, ఈ టైమ్‌లో?" అంటున్నారు. పడుకోలేదన్నమాట ఆయన కూడా.