అద్దం లేవదు, మోటారు మంచిదే

ఎండాకాలం మొదలైందంటే యూఏఈలోని మా షార్జా సనయ్యాలో, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో, ఉన్న గ్యారేజీలకు రెండు ఫిర్యాదులే ఎక్కువ. ఏసీ చల్లగా రావడం లేదని ఒకటి, డోర్ అద్దం లేవడం లేదని ఇంకొకటి. రెండో రకం వాళ్లకే తొందరెక్కువ. ఏసీ లేకపోతే అద్దాలు దించుకుని ఎలాగో ఒకలా పోవచ్చు. దిగిన అద్దం పైకి రాకపోతే మాత్రం 45 డిగ్రీల వేడీ ఇసుక గాలీ సీటు మీదికే వచ్చి కూర్చుంటాయి, బండిని ఎక్కడా వదిలి పోవడానికీ లేదు. అందుకే బండి ఆగకముందే "మోటారు మార్చెయ్" అంటారు. అరబ్బీలో చెప్పినా, ఉర్దూలో చెప్పినా, ఇంగ్లీషులో చెప్పినా మాట అదే.

ఇక్కడ నా పని ఆటో ఎలక్ట్రీషియన్. గ్యారేజీ వెనక చెత్తలో పడి ఉండే విండో మోటార్లలో మంచివే ఎక్కువని నా గట్టి అనుమానం. అప్పుడప్పుడూ ఒకటి తీసి బ్యాటరీకి తగిలిస్తే గిర్రున తిరుగుతుంది. అసలు జబ్బు ఇంకెక్కడో ఉండిపోయి, కొత్త మోటారు కూడా నాలుగు రోజులకు మొండికేస్తుంది. అప్పుడు ఆ బండి నా దగ్గరికి వస్తుంది.

పాత పద్ధతి బండ్లలో ఈ మోటారుకు రెండే వైర్లు. వీటిలో ఇదే ఎర్తు (బ్యాటరీ నెగటివ్‌కు పోయే దారి) అని ఖాయంగా ఏదీ ఉండదు. పైకి నొక్కితే ఒక వైరుకు 12 వోల్టులు, రెండోదానికి ఎర్తు. కిందికి నొక్కితే తారుమారు. బటన్ వదిలేస్తే రెండూ ఎర్తు మీదే. ఇంతవరకు తేలికే. చిక్కేమిటంటే చాలా బండ్లలో మిగతా మూడు డోర్ల స్విచ్‌లకు ఆ ఎర్తు డ్రైవరు డోర్‌లోని మెయిన్ స్విచ్ గుండానే వస్తుంది. వెనక ఎడమ అద్దం కదలకపోతే జబ్బు ముందు డోర్‌లోనూ ఉండొచ్చు. విండో లాక్ బటన్ తెంపేది కూడా చాలావాటిలో ఆ దారినే. ఆ లాక్ ఎవరో నొక్కి వదిలేస్తే వెనక డోర్లు విప్పించుకోవడానికి వచ్చినవాళ్లున్నారు. బిల్లు లేకుండానే పంపించాం, మా ఫోర్‌మన్ మొహం చూడాలి ఆ రోజు.

మా దగ్గర ఒక తెలుగు కుర్రాడు హెల్పరుగా చేరాడు. చేతిలో పనితనం ఉంది, తొందర కూడా ఉంది.

"అన్నా, ఫ్యూజు మంచిగనే ఉంది. మోటరే పోయినట్టుంది."

"బటన్ ఒత్తినప్పుడు పైన లైటు ఏమన్నా డిమ్మయిందా?"

"చూడలే అన్నా."

"ముందుగాల అది చూసి రాపో. డోర్ తర్వాత ఇప్పుదువు."

ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, లోపలి లైటు వెలిగించి బటన్ నొక్కాలి. లైటు కాస్త మందగిస్తే మోటారుకు కరెంటు పోతోంది, అది తిరగాలని చూస్తోంది, తిరగలేకపోతోంది. అద్దాన్ని పైకీ కిందికీ లాగే రెగ్యులేటర్ కేబుల్ చిక్కుకుని ఉంటుంది, లేదా అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము గడ్డకట్టి ఉంటుంది. మోటారే లోపల బిగుసుకుపోవడమూ లేకపోలేదు. లైటులో చలనమే లేకపోతే కరెంటు అసలు పోవడం లేదు: స్విచ్, వైరు, ఎర్తు, లేదా మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు, అదే బ్రష్‌లు. బ్రష్‌లు అరిగిందైతే బటన్ నొక్కి పట్టుకుని డోర్ ప్యాడ్ మీద అరచేత్తో కొడితే ఒక్కోసారి కదులుతుంది. అలా కదిలితే మోటారు మార్చమని నేనే చెబుతాను. కాసేపు పనిచేసి ఆగిపోయి, ఇంకాసేపటికి మళ్లీ పనిచేస్తే అది వేరే సంగతి. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటు తెంపి, చల్లారాక కలిపే ఏర్పాటు ఉంటుంది. అంతగా ఎందుకు వేడెక్కుతోందో చూడాలి, చాలాసార్లు తేలేది ఆ రబ్బరు గాడి దగ్గరే.

మా కుర్రాడు లైటు డిమ్మవలేదని చెప్పిన బండి ఒక డెలివరీ పికప్. డ్రైవరు డోర్ అద్దం. ప్యాడ్ ఊడదీసి, వైర్లు కలిసే ప్లగ్గు, అదే కప్లర్, విప్పి మీటరు పెట్టాడు, 12.4 వోల్టులు చూపించింది. "కరెంటు మస్తుగొస్తంది అన్నా, ఇంక మోటరే" అన్నాడు. వైరింగ్ పనిలో మీటరు పెట్టే మెలిక ఇదే. మీటరు లాగే కరెంటు లేశమాత్రం. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. మోటారుకు కావాల్సింది అయిదారు ఆంపియర్లు, ఆ ఒక్క పోగు అంత మోయలేదు. మీటరు పక్కన పెట్టించి, 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించి పెట్టుకున్న నా టెస్ట్ ల్యాంపు ఇచ్చాను. బల్బు వెలగలేదు. డోర్‌ను మెల్లగా సగం మూయమన్నాను. మినుకుమంది. ఇంకొంచెం మూస్తే ఆరింది.

ఇక వెతకాల్సింది డోర్‌కీ బాడీకీ మధ్య ఉండే నల్ల రబ్బరు గొట్టంలోనే. డెలివరీ బండి డ్రైవరు డోర్ రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కే ఉండదు, ప్రతిసారీ ఆ గొట్టంలోని వైర్లు ఒకే చోట వంగుతాయి. గొట్టం వెనక్కి లాగి చూస్తే వైర్లన్నీ పైకి బాగానే ఉన్నాయి. ఒక్కొక్కటే పట్టుకుని లాగాం. మిగతావి గట్టిగా నిలిచాయి, లావు ఎర్రది మాత్రం రబ్బరు బ్యాండులా సాగింది. సాగేది పై తొడుగే, లోపల రాగి తెగిపోయి ఉంది. కోసి చూస్తే పోగులన్నీ నల్లబడి విరిగి, ఒకటో రెండో ఆనీ ఆనక ఉన్నాయి. అక్కడికక్కడ మెలిపెట్టి టేపు చుట్టేస్తే ఆ రోజుకు నడుస్తుంది. అయితే వంగే చోట అతుకు ఉండకూడదు, సోల్డర్ చేస్తే వైరు బిరుసెక్కి దాని పక్కనే విరుగుతుంది. అందుకే మెత్తని పోగుల వైరు కొత్త ముక్క వేసి, ఒక అతుకు డోర్ లోపల, ఇంకోటి క్యాబిన్‌లో పెట్టాం.

ఆ పికప్ డ్రైవరు పఠాన్. అతని ఉర్దూ నాకు సగమే ఎక్కుతుంది, నా హిందీ అతనికి అంతకంటే తక్కువ. మంచి డోర్‌లో బల్బు పెట్టి వెలిగించి చూపించాను, ఇతని డోర్‌లో పెట్టి చూపించాను. మోటారు గొడవ మళ్లీ ఎత్తలేదు. పరాయి దేశంలో పనిచేసేవాడికి మాటతో గెలిచే వీలు తక్కువ. ఓనర్‌తో అరబ్బీలో వాదించలేం, ఫోర్‌మన్‌తో వాదించినా ఇద్దరిదీ అరువు హిందీయే. వెలిగిన బల్బును మాత్రం ఎవరూ కాదనలేరు.

అయినా ఫోర్‌మన్‌కు ఈ పని నచ్చదు. అతని బాధ అతనిది. మోటారు మారిస్తే పార్టు డబ్బులు వస్తాయి, బండి తొందరగా పోతుంది. వైరు వెతికితే గంట పోయి, బిల్లులో రాయడానికి ఒక ముక్క వైరు మిగులుతుంది. వెతికిన గంటకు ధర కట్టనంత కాలం మంచి మోటార్లు చెత్తలోకి పోతూనే ఉంటాయి.

2024 ఏప్రిల్ 16న కురిసిన వాన మా పనిని ఇంకో దారి పట్టించింది. 1949లో రికార్డులు రాయడం మొదలైనప్పటి నుంచి ఈ దేశంలో అంత వాన లేదు. అల్ ఐన్ వైపు ఖతమ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254 మిల్లీమీటర్లు పడింది. నీళ్లలో నిలబడిన బండ్లు ఎండాయి, కడిగించుకున్నాయి, కొన్ని చేతులు మారాయి. ఆ తర్వాత నెలల తరబడి విచిత్రమైన ఫిర్యాదులు వచ్చాయి. ఒక అద్దం నొక్కితే ఇంకేదో లైటు వెలగడం, అద్దం నీరసంగా లేవడం. డ్రైవరు కాళ్ల పక్క ప్లాస్టిక్ ఊడదీస్తే కప్లర్లలో పచ్చటి చిలుము, కార్పెట్ కింద బురద గీత. ఇలాంటి చోట ఎర్తును బటన్ నొక్కి పట్టుకునే కొలవాలి. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొస మోటారు ఎర్తు వైపుకు పెట్టి నొక్కితే అర వోల్టు దాటి చూపిస్తే ఆ దారిలో ఎక్కడో చిలుము ఉన్నట్టే.

కొత్త బండ్ల లెక్క వేరు. వాటిలో స్విచ్ మోటారుకు కరెంటు పంపదు, కబురు పంపుతుంది. దాన్ని అందుకున్న మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె మోటారును నడుపుతుంది. ఆ మాడ్యూల్‌తో మాట్లాడే స్కానర్ పెట్టి, బటన్ నొక్కినప్పుడు ఆ కబురు అందుతోందో లేదో చూస్తే సగం పని అయినట్టే. ఇక్కడి వేడికి బ్యాటరీలు ఎక్కువ కాలం బతకవు. బ్యాటరీ మార్చాక కొన్ని బండ్లు అద్దం ఎక్కడ ఆగాలో మరిచిపోతాయి, ఒక్క నొక్కుతో పూర్తిగా లేవవు. చాలావాటిలో అద్దం పైదాకా లేపి బటన్ అలాగే కొన్ని సెకన్లు పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటాయి. సగం లేచి తిరిగి దిగిపోతుంటే ముందు రబ్బరు గాడి శుభ్రం చేసి సిలికాన్ స్ప్రే కొట్టండి, అడ్డంగా చేయి ఉందనుకుని మాడ్యూలే దించేస్తుంటుంది.

మోటారుకు డైరెక్టుగా కరెంటు ఇచ్చి చూసే అలవాటు ఉన్నవాళ్లు ముందు దాని కప్లర్‌లో వైర్లు లెక్కపెట్టండి. రెండే ఉంటే మధ్యలో ఫ్యూజు పెట్టి ఇవ్వొచ్చు. అయితే అప్పుడు అద్దం దేనికీ ఆగదు, వేళ్లు దూరంగా ఉంచండి. అంతకంటే ఎక్కువ వైర్లుంటే లోపల ఎలక్ట్రానిక్స్ ఉండొచ్చు, డయాగ్రం చూడకుండా కరెంటు పెట్టొద్దు.